లోతు సముద్రపు స్పాంజీలు: పెరకకుండా వాడుకోవడం



1996 ఆగస్టులో అలాస్కా తీరానికి ఆవల కొందరు శాస్త్రవేత్తలు కావాలనే ఒక పని చేయించారు. 110 నుంచి 150 బారల లోతున, అంతకుముందు పెద్దగా వేట జరగని నేలను ఎంచుకున్నారు. ఒక ట్రాలర్‌ను తీసుకెళ్లి, ఎనిమిది చోట్ల, చోటుకు ఒక్కసారి చొప్పున వల లాగించారు. తర్వాత చిన్న జలాంతర్గామిలో దిగి, వల పోయిన జాడ పట్టుకుని చూసుకుంటూ వెళ్లారు. కూజాల్లా నిలబడి పెరిగే పెద్ద స్పాంజీల్లో మూడింట రెండు వంతులు దెబ్బతిని ఉన్నాయి. కొన్ని విరిగాయి, కొన్ని చీలిపోయాయి, కొన్ని వేళ్లతో సహా పెకలించినట్టు పక్కకు ఒరిగిపోయాయి. ఏడాది తర్వాత మళ్లీ వెళ్లి చూస్తే విరిగినవి విరిగినట్టే ఉన్నాయి. గాయం మానిన గుర్తు లేదు, కొత్తవి మొలిచిన ఆనవాలు లేదు. పదమూడేళ్ల తర్వాత ఇంకోసారి వెళ్లారు. వల తగిలిన మేర స్పాంజీలు పక్క నేలలో కంటే అప్పటికీ తక్కువగానే ఉన్నాయి.

వల తగిలింది ఒక్కసారే. ఉత్తర అట్లాంటిక్‌లో, పసిఫిక్‌లో కొన్ని నేలల మీద దశాబ్దాలుగా ట్రాలర్లు వచ్చిన దారినే మళ్లీ మళ్లీ వస్తున్నాయి.

ఈ పూట ఆ లోతు సముద్రపు స్పాంజీల గురించి మాట్లాడుకుందాం. వాటిని కాపాడటం ఒక పని, వాటితో లాభం పొందడం ఇంకో పని, ఒకటి చేస్తే రెండోది కుదరదు అనే మాట తరచుగా వినిపిస్తుంది. నా అభిప్రాయం వేరు. స్పాంజి విషయంలో మనిషికి దక్కిన పెద్ద లాభాలన్నీ దాన్ని టన్నుల కొద్దీ తవ్వి తెచ్చుకుంటే వచ్చినవి కావు. కొంచెం తీసి, దాని గుట్టు తెలుసుకుని, మిగతాదాన్ని ఉన్నచోటే ఉంచితే వచ్చినవి. ఆ సంగతి కాస్త వివరంగా చెప్తాను.

ముందు స్పాంజి అంటే ఏమిటో చూద్దాం. పలక తుడుచుకున్న మెత్తటి ముక్క, వంటింట్లో గిన్నెలు తోమే పచ్చ ముక్క, ఇవన్నీ ఫ్యాక్టరీ సరుకు. అసలు స్పాంజి ప్రాణి. చూడటానికి మొక్కలా ఒకచోట పాతుకుని ఉన్నా జంతువే. దానికి నోరు లేదు, కడుపు లేదు, గుండె లేదు, నరాలు లేవు. ఒళ్లంతా సన్నటి రంధ్రాలు. లోపలి గదుల గోడల నిండా కశాభాలనే సన్నటి కొరడాలున్న కణాలుంటాయి. ఆ కశాభాలు విడవకుండా ఆడుతుంటే నీళ్లు చిన్న రంధ్రాల గుండా లోపలికొచ్చి, పైనున్న పెద్ద రంధ్రం గుండా బయటికి పోతాయి. అలా పోయే నీళ్లలోంచి బ్యాక్టీరియాను, కంటికి ఆనని ఆహారపు రేణువులను స్పాంజి పట్టుకుంటుంది. ఇంటర్‌లో జువాలజీ చదివినవాళ్లకు ఈ బొమ్మ గుర్తుండే ఉంటుంది. ఇప్పటిదాకా శాస్త్రజ్ఞులు పేరు పెట్టిన స్పాంజి జాతులే 9,000 పైచిలుకు.

మన్నార్ సింధుశాఖలో లాగా తక్కువ లోతులో, వెలుతురులో పెరిగేవి చాలామంది చూసి ఉంటారు. నేను చెప్తున్నవి అవి కావు. 200 మీటర్లు దాటాక, వెలుతురు దాదాపు అందని చోట, చల్లటి నీళ్లలో, కొన్నిచోట్ల స్పాంజీలు ఒకదాని పక్కన ఒకటి కిలోమీటర్ల మేర నేలంతా ఆక్రమించి ఉంటాయి. నార్వే, ఫారో దీవుల మధ్య సముద్రంలో జియోడియా అనే జాతులు అలా పరుచుకుని ఉంటాయి. గుండ్రంగా, తెల్లగా, ఒక్కొక్కటి మనిషి ఎత్తలేనంత బరువుకు కూడా పెరుగుతుంది. అక్కడి జాలర్లు ఆ ప్రాంతాలను జున్ను నేల అంటారు. వలలో అవి పడితే పడవ మీద అదో పెద్ద చాకిరీ. చేపలు నలిగిపోతాయి, వల చిరుగుతుంది, స్పాంజిలోని సూదులు చేతులకు గుచ్చుకుని దురద పెడతాయి. అందుకని తెలిసిన జాలరి ఆ నేలకు దూరంగా పోతాడు. ఈ మాట గుర్తుంచుకోండి, దీంతో మళ్లీ పనుంది.

ఆ సూదులను కంటకాలు అంటారు. గాజు స్పాంజీల్లో అవి సిలికాతో, అంటే మన కిటికీ అద్దం ఏ పదార్థంతో తయారవుతుందో దానితోనే తయారవుతాయి. ప్రాణం పోయాక మిగిలే అస్థిపంజరాన్ని, యూప్లెక్టెల్లా అనే జాతిది, ఒక ప్రయోగశాలలో అరచేతిలో పెట్టుకుని చూశాను. జానకు ఎక్కువ, మూరకు తక్కువ. కొద్దిగా వంపు తిరిగిన తెల్లటి గొట్టం. బరువు తెలియదు. గొట్టం గోడ వెదురు తడిక అల్లినట్టు ఉంటుంది. నిలువు పోగులు, అడ్డ పోగులు కలిసి సమచతురస్రపు గళ్లు, ఆ గళ్లలో ఒకటి విడిచి ఒకదానికి మూల నుంచి మూలకు ఏటవాలు పోగులు. బయటి వైపు గట్లు మెలి తిరుగుతూ పైదాకా పోతాయి. పైన జల్లెడ లాంటి మూత. అడుగున తెల్లటి గాజు వెంట్రుకల కుచ్చు, బురదలో ఊడిపోకుండా పట్టుకుని ఉండటానికి. వేలితో నొక్కితే గాజు వంగి మళ్లీ లేస్తుంది. అమెరికాలో జొవానా ఐజెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు ఈ అల్లికను 2005లో వివరించారు. తక్కువ పదార్థంతో ఎక్కువ బలం ఎలా వచ్చిందో అందులో చూడవచ్చు. అంతకు రెండేళ్ల ముందే, అడుగునున్న గాజు వెంట్రుకలు ఆప్టికల్ ఫైబర్‌లా కాంతిని మోసుకుపోతాయని చూపించారు. మనం గాజు చేయాలంటే కొలిమి కావాలి. స్పాంజి ఆ పని చల్లటి సముద్రపు నీళ్లలో, నీళ్లలో కరిగి ఉన్న సిలికానే తీసుకుని చేస్తుంది.

1898, 99 సంవత్సరాల్లో వాల్డీవియా అనే జర్మన్ ఓడ హిందూ మహాసముద్రంలో తిరిగి తెచ్చిన వాటిలో మోనోరాఫిస్ అనే గాజు స్పాంజి ఉంది. దాని ఒళ్లంతా ఒకే ఒక్క గాజు కడ్డీ ఆధారంగా నిలబడుతుంది. ఆ కడ్డీ మూడు మీటర్ల దాకా పెరగగలదు. తూర్పు చైనా సముద్రంలో 1,100 మీటర్ల లోతున దొరికిన ఒక కడ్డీని పొరలు పొరలుగా పరీక్షించి, వయసు సుమారు 11,000 ఏళ్లు ఉండవచ్చని 2012లో అంచనా కట్టారు. మనిషి వ్యవసాయం నేర్చుకుంటున్న రోజుల్లో మొదలైన ప్రాణి అది.

ఇంత నిదానంగా బతికేది సముద్రానికి చేసే సేవ మాత్రం నిదానమైంది కాదు. నీళ్లను వడకట్టడం మొదటిది. రెండోది అంత తేలిగ్గా కంటికి కనపడదు. సముద్రపు నీటిలో కరిగిపోయిన సేంద్రియ పదార్థం చాలా ఉంటుంది. చేపలకూ రొయ్యలకూ అది అక్కరకు రాదు. స్పాంజి, దాని ఒంట్లో కాపురముండే బ్యాక్టీరియా కలిసి దాన్ని తీసుకుంటాయి. తన పాత కణాలను స్పాంజి రాల్చేస్తుంటుంది, ఆ రాలిన తునకలను పురుగులు, పీతలు, నక్షత్ర చేపల జాతివి తింటాయి. పగడపు దిబ్బల్లో ఇది జరుగుతుందని 2013లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త యాస్పర్ డె ఖూయ్ బృందం సైన్స్ పత్రికలో చూపించింది. తర్వాత లోతు సముద్రంలోనూ ఇదే కనిపించింది. ఆహారం అరుదైన ఆ చీకటి నేల మీద అందరికీ వంట చేసి పెట్టేది స్పాంజే అన్నమాట. దీనికి తోడు రెడ్ ఫిష్, రాక్ ఫిష్ లాంటి చేపలు స్పాంజీల చాటున దాక్కుంటాయి, కొన్నింటి పిల్లలు అక్కడే పెరుగుతాయి. వేటగాడి వలలో రేపు పడే చేప ఈరోజు అక్కడ ఉంటుంది.

ఇప్పుడు కెనడా పడమటి తీరానికి వెళ్దాం. బ్రిటిష్ కొలంబియాకు ఆవల హెకేట్ జలసంధి, క్వీన్ షార్లెట్ సౌండ్ అని ఉన్నాయి. 1987లో అక్కడ సముద్రపు అడుగును ధ్వని తరంగాలతో పటం గీస్తున్న భూగర్భ శాస్త్రజ్ఞులకు, ఏ రాయికీ పొంతన కుదరని దిబ్బలు కనిపించాయి. కెమెరాలు దించి చూస్తే అవి గాజు స్పాంజీలు కట్టిన దిబ్బలు. గాజు స్పాంజీలు దిబ్బలు కట్టడమన్నది డైనోసార్ల కాలంలో జరిగిన సంగతి, ఇప్పుడు రాళ్లలో శిలాజాలుగా మాత్రమే మిగిలింది అని అప్పటిదాకా పాఠం చెప్పేవాళ్లు. జురాసిక్ కాలంలో ఆ దిబ్బలు నేటి స్పెయిన్ నుంచి రొమేనియా దాకా, ఇంకా ఆవలికి, వేల కిలోమీటర్ల పొడవున ఉండేవి. అలాంటివి ప్రాణంతో కళ్లముందు నిలబడ్డాయి. చచ్చిన స్పాంజి అస్థిపంజరం మీద కొత్తది మొలిచి, సందుల్లో మన్ను నిండి, దాని మీద ఇంకొకటి మొలిచి, సుమారు 9,000 ఏళ్లలో 25 మీటర్ల ఎత్తు దాకా లేచినవి ఉన్నాయి.

వాటిని కనుక్కునే నాటికే ట్రాలు వలలు అక్కడ తిరుగుతున్నాయి, కొంత భాగం ముక్కలైపోయింది కూడా. ముందు జాలర్లనే స్వచ్ఛందంగా దూరంగా ఉండమని అడిగారు. 2002లో ఆ దిబ్బల మీద అడుగు ట్రాలింగ్‌ను ప్రభుత్వం ఆపింది. రక్షిత ప్రాంతంగా పూర్తి స్థాయిలో ప్రకటించింది 2017 ఫిబ్రవరిలో, 2,410 చదరపు కిలోమీటర్ల మేర. కనుక్కున్నది 1987లో, చట్టం వచ్చింది 2017లో. ముప్పై ఏళ్లు! ఆ ఆలస్యాన్ని తలుచుకుంటే నాకు బాధగా ఉంటుంది. అయినా ఇంత ఓపికగా, ఇంత పట్టుదలగా నడిపిన ప్రయత్నం అరుదు. శాస్త్రజ్ఞులు, పర్యావరణ సంఘాలు, ఆ తీరంలో తరతరాలుగా ఉన్న ఆదివాసీ జాతుల వాళ్లు కలిసి నడిపించారు.

అక్కడే ఇంకో సంగతి బయటపడింది. వల నేరుగా తగలక్కర్లేదు. పక్కనుంచి పోయినా నేల మీది బురద లేచి నీళ్లలో కలుస్తుంది. అల్బర్టా విశ్వవిద్యాలయంలో శాలీ లైస్ అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి ఈ స్పాంజీల మీద పని చేశారు. గాజు స్పాంజికి నరాలు లేకపోయినా, ఒళ్లంతా విడదీయకుండా ఒకటిగా అల్లుకున్న కణజాలం గుండా ఒక విద్యుత్ సంకేతం పోతుంది, సెకనుకు మూడు మిల్లీమీటర్ల లోపు వేగంతో. నీళ్లలో మన్ను తగిలిందంటే ఆ సంకేతం పాకుతుంది, స్పాంజి నీళ్లు తోడటం ఆపేస్తుంది. వడపోత మూసుకుపోకుండా తనను తాను కాపాడుకోవడమది. కాసేపైతే ఫర్వాలేదు. మన్ను పదే పదే వస్తే ఊపిరి బిగబట్టి, తిండి మానుకుని ఎన్నాళ్లుండగలదు? కాబట్టి రక్షణ గీత దిబ్బ అంచు వెంటే గీస్తే చాలదు, చుట్టూ కొంత మేర వదలాలి. 2017 నాటి ఆ రక్షిత ప్రాంతంలో దిబ్బ చుట్టూ, పైనీళ్లలో కూడా అంచెలంచెలుగా నియమాలు పెట్టడానికి కారణం ఇదే.

ఉత్తర ధ్రువం దగ్గర జరిగిన ఒక కథ కూడా చెప్పాలి. 2016లో పోలార్‌స్టెర్న్ అనే జర్మన్ పరిశోధక నౌక ఏడాది పొడవునా మంచు కప్పి ఉండే ఆర్కిటిక్ సముద్రంలో, లాంగ్‌సెత్ అనే పర్వతశ్రేణి మీదికి కెమెరా దించింది. పైన మంచు, లోపల చీకటి, పైనుంచి రాలే తిండి దాదాపు శూన్యం. అలాంటి చోట జియోడియా జాతుల స్పాంజీలు తోట వేసినట్టు ఉన్నాయి. సగటు వయసు 300 ఏళ్లు. ఇవి ఏం తిని బతుకుతున్నాయి? సమాధానం 2022లో వచ్చింది. వేల ఏళ్ల కిందట అక్కడ నేలలోంచి వాయువులు ఊరేవి, ఆ ఊటల దగ్గర గొట్టపు పురుగులు బతికేవి. ఊటలు ఆగాయి, పురుగులు పోయాయి, వాటి గొట్టాలు మాత్రం పొరలుగా మిగిలిపోయాయి. స్పాంజీల ఒంట్లోని బ్యాక్టీరియా ఆ పాత గొట్టాలను కరిగించి తిండిగా మారుస్తోంది. ఇంకా వింత ఏమిటంటే ఆ స్పాంజీల వెనక నేల మీద గోధుమ రంగు చారలు కనిపించాయి. చారల్లో నిండా వాటి కంటకాలే. అంటే కదలదనుకున్న స్పాంజి కదులుతోంది, తిండి వైపు మెల్లగా జరుగుతూ వెనక తన సూదులను వదులుతోంది. ఇలాంటి వాయు ఊటలు మన కృష్ణా గోదావరి బేసిన్‌లోని లోతు నీళ్లలోనూ ఉన్నాయి, గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ పరిశోధకులు వాటిని గుర్తించారు. అక్కడి జీవజాలం మీద పని ఇంకా తొలి దశలో ఉంది.

ఇక వాడుకోవడం సంగతి.

స్పాంజి కదలలేదు, పారిపోలేదు, కరవలేదు. కాబట్టి తనను తినవచ్చేవాటిని, తన మీద మొలవవచ్చేవాటిని రసాయనాలతో దూరంగా ఉంచుతుంది. ఆ రసాయనాల్లో మనకు మందులున్నాయి. 1950 ప్రాంతంలో వెర్నర్ బెర్గ్‌మన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు కరీబియన్ ప్రాంతపు తక్కువ లోతు స్పాంజి ఒకదాని నుంచి వింత న్యూక్లియోసైడ్‌లు వేరు చేశాడు. వాటి నమూనాలో ప్రయోగశాలలో తయారైన సైటరబిన్‌ను 1969లో అమెరికా మందుగా ఆమోదించింది. రక్త క్యాన్సర్ వార్డుల్లో ఈనాటికీ అది ఎక్కుతూనే ఉంది.

ఇంకాస్త లోతు నుంచి వచ్చిన కథ ఎరిబ్యులిన్ అనే క్యాన్సర్ మందుది. 1980లలో జపాన్ శాస్త్రజ్ఞులు హిరాతా, ఉయెమురా ఒక నల్లటి స్పాంజి నుంచి హాలికాండ్రిన్ అనే పదార్థాన్ని వేరు చేశారు. క్యాన్సర్ కణాల మీద అది పని చేసిన తీరు చూసి అందరికీ ఆశ పుట్టింది. కానీ స్పాంజిలో అది ఉండేది లేశమాత్రం. న్యూజీలాండ్‌లో కైకూరా తీరానికి ఆవల, 100 మీటర్ల లోతున, అదే పదార్థం కాస్త ఎక్కువగా ఉండే ఇంకో స్పాంజి కనిపించింది. పరీక్షలకు చాలినంత మందు కావాలి కనుక అనుమతి తీసుకుని ఒక టన్ను స్పాంజిని పైకి తెచ్చారు. టన్ను స్పాంజిని పిండితే హాలికాండ్రిన్ బి వచ్చింది సుమారు 300 మిల్లీగ్రాములు. చిటికెడు కూడా కాదు. ఆ స్పాంజి పెరిగే చోటు చాలా చిన్నది, అక్కడున్న మొత్తం కొన్ని వందల టన్నులు. ప్రపంచంలోని రోగులందరికీ ఆ దారిన మందు చేయాలంటే ఆ జాతే మిగలదు. తక్కువ లోతులో పెంచి చూశారు, పెరిగింది, మందు పదార్థాన్నీ తయారు చేసింది, కానీ ఆ పద్ధతిలో అవసరానికి సరిపోయేంత రావడం కష్టం.

దారి వేరే వైపు నుంచి వచ్చింది. హార్వర్డ్‌లో యొషితో కిషి అనే రసాయన శాస్త్రజ్ఞుడి బృందం 1992లో ఆ అణువును మొదటి నుంచి చివరి దాకా ప్రయోగశాలలోనే కట్టింది. అలా కడుతున్నప్పుడు, అణువులో సగమే మందుగా పని చేస్తోందని తేలింది. ఆ సగాన్ని సరిచేసి ఎయిసై అనే జపాన్ కంపెనీ మందు చేసింది. తయారీలో 60కి పైగా దశలున్నాయి. 2010 నవంబరులో ఒళ్లంతా పాకిన రొమ్ము క్యాన్సర్‌కు దాన్ని అమెరికాలో ఆమోదించారు. ఆ మందు కోసం ఇప్పుడు ఒక్క స్పాంజిని కూడా సముద్రంలోంచి తీయనక్కర్లేదు. ఎయిసై పేరు విశాఖవాసులకు కొత్త కాదు. పరవాడ ఫార్మా సిటీలో దాని కర్మాగారం ఉంది. బోదకాలు నివారణకు ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఆ కంపెనీ ఉచితంగా ఇచ్చిన డీఈసీ మాత్రలు అక్కడే తయారయ్యాయి.

ఈ కథలో ఒక విషయాన్ని పట్టి చూడండి. ఆ అణువు ఎలా ఉంటుందో మనిషి ఊహించి ఉండేవాడు కాదు. అది స్పాంజి దగ్గరే దొరకాలి. దొరికాక మాత్రం స్పాంజితో పని లేదు, దాని దగ్గర నేర్చుకున్నది చాలు. కాబట్టి మనకు కావలసింది స్పాంజి మాంసం కాదు, బతికున్న స్పాంజి నేల. ఇంకా చూడని జాతులు అందులోనే ఉన్నాయి. ఒక నేలను ట్రాలు వల చదును చేసిందంటే, తెరవకముందే ఆ మందుల పెట్టె మూతపడినట్టే.

మన జాలర్లకు దగ్గరగా ఉండే ఉదాహరణ ఒకటుంది. పడవ అడుగున గుల్లలు పట్టడం ఎంత బాధో రేవులో ఎవరినడిగినా చెప్తారు. గీకాలి, రంగు వేయాలి, డీజిల్ ఎక్కువ కాలుతుంది. ఆ రంగుల్లో వేసే విషపు లోహాలు రేవు నీళ్లను పాడు చేస్తాయి. జియోడియా స్పాంజి మీద మాత్రం గుల్ల పట్టదు. స్వీడన్ పరిశోధకులు దాని నుంచి బారెటిన్ అనే పదార్థాన్ని 1980లలో వేరు చేశారు. గుల్ల పిల్లలు అంటుకోకుండా అది ఆపుతుందని, పడవ రంగులో కలిపినా పని చేస్తుందని తర్వాత చూపించారు. దీన్నీ ప్రయోగశాలలో తయారు చేయవచ్చు. 2016 నుంచి 2020 దాకా నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయం ముందుండి నడిపిన స్పాంజెస్ అనే ఐరోపా ప్రాజెక్టు ఈ రెండు పనులనూ, కాపాడటాన్నీ వాడుకోవడాన్నీ, ఒకే గొడుగు కిందికి తెచ్చింది. ఆ ప్రాజెక్టుకు సారథి హాన్స్ తూరె రాప్. పని ముగింపుకు వస్తున్న 2020లోనే ఆయన కన్నుమూశారు.

ఇక చట్టాలు. 2006 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశం ఒక తీర్మానం చేసింది. ఏ దేశానికీ చెందని జలాల్లో అడుగు వేట చేసే దేశాలు, సులభంగా దెబ్బతినే జీవావరణాలను గుర్తించి కాపాడాలి, లేదా వేట ఆపాలి అని. 2008లో ఆహార వ్యవసాయ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో అలాంటి వాటి ఉదాహరణల్లో స్పాంజి నేలలనూ చేర్చారు. ఆ ఒత్తిడితోనే వాయవ్య అట్లాంటిక్‌లో, ఫ్లెమిష్ క్యాప్ అనే సముద్రపు మెట్ట చుట్టుపక్కల, స్పాంజి నేలలను వేటకు మూశారు. ఐరోపా సమాఖ్య 2016లో తన జలాల్లో 800 మీటర్లకు కింద అడుగు ట్రాలింగ్‌నే నిషేధించింది. ఇవి గట్టి పనులు.

వీటితోపాటు ఒక నియమం ఉంది, దాని మీద నాకు అసంతృప్తి. వాయవ్య అట్లాంటిక్‌లో ఒక లాగుడులో 300 కిలోలకు మించి బతికున్న స్పాంజి వలలో పడితే, పడవ ఆ విషయం తెలియజేసి రెండు నాటికల్ మైళ్లు పక్కకు జరగాలి. ఈశాన్య అట్లాంటిక్‌లో ఆ హద్దు 400 కిలోలు. వినడానికి బాగుంది. కానీ ట్రాలు వల చేపలను పట్టడానికి తయారైంది, స్పాంజీలను పట్టడానికి కాదు. వల కింద నలిగి, విరిగి, నేల మీదే ఉండిపోయేది ఎంతో ఉంటుంది, పైకి వచ్చేది కొద్ది భాగం. పడవ మీద 300 కిలోలు తూగేసరికి కింద ఏం జరిగిపోయిందో ఊహించండి. పైగా పక్కకు జరగమనడంలో అర్థం ఏమిటి? అక్కడ ఏముందో తెలియని చోటికి జరగమనేగా. దెబ్బ తగిలాక ఆపడం, తాకని నేల మీదికి పంపడం, రెండూ ఒకే నియమంలో ఉన్నాయి. ముందు పటం గీయాలి, స్పాంజి నేల ఎక్కడుందో గీతలు గీయాలి, తర్వాతే వల దిగాలి. జున్ను నేల ఎక్కడుందో అక్కడి జాలరికి ముందే తెలుసు, తప్పుకుపోతాడు అని చెప్పాను కదా. ఆ తెలిసినతనాన్ని పటం మీద పెట్టడమే ఇక్కడ చేయవలసిన పని. జాలరికీ వల మిగులుతుంది.

మన దగ్గరికి వస్తాను. బంగాళాఖాతంలో, అండమాన్ సముద్రంలో గాజు స్పాంజీలున్నాయని తెలిసి నూరేళ్లు దాటింది. ఇన్వెస్టిగేటర్ అనే సర్వే ఓడ 19వ శతాబ్దం చివర తెచ్చిన లోతు నీటి స్పాంజీలను బెర్లిన్‌లోని షుల్జె అనే పండితుడు వర్ణించగా, కలకత్తా ఇండియన్ మ్యూజియం 1902లో పుస్తకంగా ప్రచురించింది. ఆ ఓడ మీద ప్రకృతి శాస్త్రజ్ఞుడుగా పని చేసిన ఆల్కాక్ తర్వాత ఆ మ్యూజియానికే అధిపతి అయ్యాడు.

ఇప్పుడు మనం ఇంకా లోతుకు దిగుతున్నాం. మధ్య హిందూ మహాసముద్రంలో 75,000 చదరపు కిలోమీటర్ల మేర ఖనిజపు గడ్డలను అన్వేషించడానికి 2002లో అంతర్జాతీయ సముద్రతల సంస్థతో భారత్ ఒప్పందం చేసుకుంది. మాంగనీసు, నికెల్, కోబాల్టు, రాగి ఉండే గడ్డలవి. 2021లో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వరాహ అనే యంత్రాన్ని అక్కడ 5,270 మీటర్ల లోతున నేల మీద నడిపించింది. ముగ్గురు మనుషులను 6,000 మీటర్ల లోతుకు తీసుకెళ్లే మత్స్య 6000 తయారవుతోంది. మన ఇంజినీర్లు సాధించినది చిన్న విషయం కాదు, నాకు గర్వంగానే ఉంది. అయితే మెత్తటి బురద మైదానంలో స్పాంజి లాంటివి పట్టుకుని నిలబడటానికి గట్టి ఆధారం ఆ గడ్డే. పసిఫిక్‌లోని ఇలాంటి గడ్డల మీద ప్లెనాస్టర్ అనే మిల్లీమీటర్ల సైజు స్పాంజికి 2017లో పేరు పెట్టారు. అక్కడ గడ్డల మీద అన్నిటికంటే ఎక్కువగా కనిపించే ప్రాణుల్లో అదొకటి. గడ్డ పెరిగేది పది లక్షల ఏళ్లకు కొన్ని మిల్లీమీటర్లు. గడ్డను తీస్తే దాని మీది ప్రాణి చావడమే కాదు, మళ్లీ మొలవడానికి చోటూ ఉండదు. పెరూ ఆవల 1989లో ప్రయోగం కోసం గీరిన నేల మీద ఆ చాళ్లు 26 ఏళ్ల తర్వాత కూడా చెరగలేదు. మనవాళ్లే 1997లో మధ్య హిందూ మహాసముద్రంలో ఒక పట్టీ మేర నేలను కదిపి, ఏమవుతుందో తర్వాతి ఏళ్లలో చూశారు. ఆ జాగ్రత్త మనం కొత్తగా నేర్చుకోవలసింది కాదు. తవ్వకం మొదలుపెట్టే ముందు, ఏ గడ్డల నేలను శాశ్వతంగా తాకకుండా వదులుతున్నారో పటంతో సహా ప్రజల ముందు పెట్టాలని అడగడం మన హక్కు అని నేననుకుంటాను.

దక్షిణ హిందూ మహాసముద్రపు మత్స్య ఒప్పంద దేశాలు 2018లో వాల్టర్స్ షోల్, అట్లాంటిస్ బ్యాంక్ లాంటి ఐదు ప్రాంతాలను తాత్కాలిక రక్షణ కిందికి తెచ్చాయి. దేశాల హద్దులకు ఆవలి జీవవైవిధ్యం కోసం 2023 జూన్‌లో కుదిరిన ఐక్యరాజ్యసమితి ఒప్పందం 2026 జనవరి 17న అమల్లోకి వచ్చింది. మన దేశం 2024లో దాని మీద సంతకం చేసింది. ఆ జలాల్లో రక్షిత ప్రాంతాలు పెట్టుకునే దారి అందులో ఉంది. అక్కడి ప్రాణుల జన్యు సంపద నుంచి వచ్చే లాభాన్ని అన్ని దేశాలూ పంచుకోవాలన్న నియమమూ ఉంది. రేపు హిందూ మహాసముద్రపు స్పాంజి నుంచి ఇంకో ఎరిబ్యులిన్ వస్తే, అందులో మనకూ వాటా ఉండాలి. వాటా కావాలంటే మన దగ్గర నమూనాలుండాలి, పేర్లు పెట్టగలిగే మనుషులుండాలి. స్పాంజి జాతులను గుర్తుపట్టగల పండితులు దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. మన విశ్వవిద్యాలయాల్లో జువాలజీ, సముద్ర జీవశాస్త్రం చదువుతున్న పిల్లలు ఈ ప్రసంగం వింటుంటే, ఇందులో జీవితమంతా చేసేంత పని ఉంది.

ఇక విశాఖ, కాకినాడ, నిజాంపట్నం రేవుల్లో లోతు నీళ్లకు వేటకెళ్లే బోట్ల వాళ్లకు ఒక మనవి. అడుగున లాగిన వలలో తెల్లగానో బూడిదరంగుగానో, చేతికి సన్నటి గాజు ముళ్లు గుచ్చుకునేది ఏదైనా వస్తే, సముద్రంలోకి విసిరే ముందు ఫోనులో ఒక ఫొటో తీయండి. జీపీఎస్ చూసి చోటు, ఎన్ని బారల లోతో, తేదీ రాసుకోండి. విశాఖలో భారత మత్స్య సర్వే సంస్థ కార్యాలయం ఉంది, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. తిరిగొచ్చాక ఎవరికైనా ఆ కాగితం అందించండి. జాతి పేరు మీకు తెలియనక్కర్లేదు, చోటు తెలిస్తే చాలు. ఈ తీరంలో లోతు స్పాంజి నేలల పటం గీయాలంటే మొదటి చుక్కలు పెట్టవలసింది మీరే.